గేటు దగ్గర మిగిలిపోయిన చెప్పులు

2022 మే నెలాఖరు. రోహిణీ కార్తె. బందరు రోడ్ల మీద మధ్యాహ్నం పూట కుక్క కూడా తిరగని రోజులు. ఆ ఎండల్లోనే మా డాక్టరు గారు పోయారు. ఆయన ఆస్పత్రిలో నేను డ్రస్సర్ని. డ్రస్సర్ అంటే పుళ్లు కడిగి కట్లు కట్టేవాడు. ఇంటర్ తప్పి, చేతిలో ఏ పనీ లేక తిరుగుతున్న వయసులో ఆయన దగ్గర చేరాను. ఆయన పోయేదాకా అదే గది, అదే స్టూలు.

చేరిన కొత్తలో ఆయన నాతో ఒక మాట అన్నారు. "శేషయ్యా, గుడ్డ చుట్టడం ఎవరైనా చుడతారు. కట్టు కింద ఏం జరుగుతోందో తెలుసుకో." ఎలా తెలుసుకోవాలో చెప్పలేదు. సాయంత్రం పని అవగానే లైబ్రరీకి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. మొదట శరీరశాస్త్రం మీద తెలుగులో దొరికినవన్నీ చదివాను. అవి అయిపోయాక పక్కన నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషువి మొదలుపెట్టాను. లైబ్రేరియన్ గారు ఒకసారి, "ఈ పుస్తకం మీరు తప్ప ఎవరూ తీయడం లేదండీ, మీ ఇంట్లో ఉన్నా ఒకటే, ఇక్కడున్నా ఒకటే" అని నవ్వారు. ఆ చదువంటే నాకు ఇప్పటికీ గర్వమే. అయితే ఇప్పుడు చెప్పబోయే కేసు ఆ పుస్తకాల్లో ఎక్కడా కనబడలేదు.

మా డాక్టరు గారి పద్ధతి ఒకటి చెప్పాలి. షుగరు జబ్బుతో ఎవరొచ్చినా ఆయన నాడి చూసేవారు కాదు, నాలుక చూసేవారు కాదు. "ముందు కాళ్లు" అనేవారు. పేషెంటు బల్ల మీద కూర్చుంటే ఆయన కింద స్టూలు వేసుకుని, పాదం తీసి తన ఒళ్లో పెట్టుకునేవారు. వేళ్ల మధ్య, మడమ కింద, గోళ్ల పక్కన, అంతా చూసేవారు. మొదటిసారి వచ్చినవాళ్లు హడలిపోయేవారు. పెద్దమనిషి, పైగా ప్రాణం పోసే డాక్టరు, తమ కాలు ఆయన ఒళ్లో ఉండటమేమిటని వెనక్కి లాక్కునేవారు. ఆయన వదిలేవారు కాదు.

షుగరు ఏళ్ల తరబడి ఉంటే పాదంలో నరాలు మొద్దుబారతాయి. దీన్ని న్యూరోపతి అంటారు. ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా తెలియదు. దాన్ని కనిపెట్టడానికి మోనోఫిలమెంట్ అనే సన్నటి నైలాన్ పోగు ఉంటుంది. కళ్లు మూసుకోమని, దాన్ని అరికాలికి తాకించి, తెలిసిందా లేదా అని అడుగుతారు. మా దగ్గరికి వచ్చే గిలకలదిండి జాలర్లు దాన్ని చూసి, ఇలాంటి పోగులు మా వలల్లో కావలసినన్ని ఉన్నాయి, బస్తాడు పంపిస్తాం అనేవాళ్లు.

నాగేంద్రమ్మది గిలకలదిండే. ఎండుచేపలు అమ్ముతుంది. ఆమె భర్త పోలయ్య బోటు మీద వేటకు వెళ్తాడు. ఆమె మొదటిసారి మా దగ్గరికి వచ్చేనాటికి ఎడమ పాదం కింద అణా కాసంత పుండు, లోపల ఎముక దాకా దారి. అప్పటికే ఇంకో ఊళ్లో పెద్ద ఆస్పత్రిలో మోకాలి కిందికి తీసేయాలని చెప్పారు. బుట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగితేనే ఆమె బేరం. డాక్టరు గారు ఆ కాలు తీయనివ్వలేదు. వానాకాలంలో మొదలుపెట్టిన డ్రస్సింగు సంక్రాంతి దాటాక గాని పూర్తి కాలేదు. మానిన తర్వాత ఆమెకు ఎం.సి.ఆర్. చెప్పులు చేయించారు. మైక్రో సెల్యులర్ రబ్బరు అనే మెత్తటి రబ్బరుతో, పాదం కాగితం మీద పెట్టి గీత గీయించి, ఆ పాదానికే సరిపోయేలా కుట్టే చెప్పులవి. పుండు మానిన చోట బరువు పడకుండా అడుగున చిన్న గుంట కూడా ఉంటుంది. రెండు జతలు. ఒకటి వీధిలోకి, ఒకటి ఇంట్లోకి.

"ఇంట్లో చెప్పులేంటి బాబుగారూ, పొయ్యి కాడ, దేవుడి కాడ..." అని ఆమె గొణిగింది.

"పొయ్యి కాడా వేసుకో, దేవుడి కాడా వేసుకో. దేవుడు అడిగితే నా పేరు చెప్పు" అన్నారాయన.

అప్పటినుంచి ఆమె కాలికి చెప్పులు లేకుండా నేను చూడలేదు. ఏటా బోట్లు వేటకు కదిలిన మొదటి వారంలో ఒక మంచి చేప, అరిటాకులో చుట్టుకుని ఆస్పత్రికి తెచ్చేది. డాక్టరు గారు శాకాహారి. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆయన రెండు చేతులతో అందుకుని, ఆమె వెళ్లాక నాకు ఇచ్చేసేవారు.

ఆయన పోయిన మర్నాడు జనం తెల్లవారేసరికే వచ్చేశారు. కృత్తివెన్ను నుంచి, మొవ్వ నుంచి, దివిసీమ ఊళ్ల నుంచి ఆటోల్లో, ట్రాక్టర్లలో వచ్చారు. ఆస్పత్రి ముందుభాగంలో, ఆయన ఇల్లు వెనక. వరండాలో పడుకోబెట్టాం. గేటు బయట చెప్పులు గుట్టలయ్యాయి. ఒక్కొక్కరూ లోపలికి వచ్చి, ఆయన పాదాలు తాకి, బయటికి వెళ్లి నిలబడ్డారు. వచ్చినవాళ్లలో సగంమంది పాదాలు ఆయన ఎప్పుడో ఒకప్పుడు ఒళ్లో పెట్టుకున్నవే.

ఎండ ముదరకముందే తీసుకెళ్లాలనుకున్నాం. కుదరలేదు. పాడె లేచేసరికి పన్నెండు దాటింది. ఆడవాళ్లు సెంటరు దాకా వచ్చి ఆగిపోతారనుకున్నాం. ఆగలేదు. ఆయన చేతుల్లో పురుడు పోసుకున్నవాళ్లూ, ఆయన బతికించిన పిల్లల తల్లులూ, శ్మశానం దాకా నడిచారు. దారిలో దుకాణాల వాళ్లు షట్టర్లు దించారు. బట్టల కొట్టు మస్తాన్ వలీ గారు, ఆయన కొడుకులు, మా ముందు పరిగెడుతూ బిందెలతో రోడ్డు మీద నీళ్లు చల్లారు. చల్లిన నీళ్లు మా కళ్ల ముందే ఆవిరైపోయాయి.

మర్నాడు పొద్దున వాకిలి ఊడ్పిస్తుంటే గేటు పక్కన ఇంకా కొన్ని చెప్పులు మిగిలి ఉన్నాయి. వాటిలో రెండు జతలు ఎం.సి.ఆర్. వి. ఒకదాని యజమాని, చల్లపల్లి నుంచి వచ్చిన మేష్టారు, మధ్యాహ్నం ఫోను చేసి అవి తనవేనని, తాను కొడుకు బండి మీద వెళ్లానని చెప్పారు. రెండో జత గురించి ఎవరూ అడగలేదు. ఎడమదాని అడుగున గుంట ఎక్కడుందో చూడగానే అవి ఎవరివో తెలిసింది. గేటు నుంచి శ్మశానం దాకా ఆ తారు రోడ్డు గుర్తొచ్చింది.

సంచిలో వేసుకుని గిలకలదిండి వెళ్లాను. వేట నిషేధం రోజులు కాబట్టి బోట్లన్నీ ఒడ్డునే కట్టి ఉన్నాయి. పోలయ్య ఇంటి ముందు నీడలో వల బాగుచేసుకుంటున్నాడు.

"రండి అన్నయ్య గారూ. చెప్పులు దొరికాయా? నిన్న రిక్షాలో తీసుకొచ్చా దీన్ని. ఎక్కడ పోగొట్టావే అంటే మాట్లాడదు."

"పోగొట్టలా" అంది నాగేంద్రమ్మ లోపలినుంచి. "ఎక్కడున్నాయో నాకు తెలుసు."

"తెలిస్తే తెచ్చుకోలేదేం చెల్లెమ్మా?" అన్నాను.

"ఏ మొహం పెట్టుకుని వస్తాను?"

లోపలికి వెళ్లాను. మంచం మీద కూర్చుని ఉంది. ఎడమ పాదానికి పాత చీర ముక్క చుట్టింది. చూపించమన్నాను.

"నొప్పేం లేదు."

"నీకు నొప్పి ఎప్పుడుంది గనక?"

"నిజమేనండి" అన్నాడు పోలయ్య వల మీదనుంచి తల ఎత్తకుండా. "దానికి నొప్పే ఉండదు. దాని నోటితో నొప్పంతా నాకే."

గుడ్డ విప్పాను. అరికాలు ముందుభాగమంతా బొబ్బ లేచి చిట్లింది. కింద చర్మం తెల్లగా ఉడికిపోయినట్టుంది. పాత మచ్చ ఉన్నచోట అంచు నల్లబడుతోంది. చిటికెన వేలి రంగు నాకు నచ్చలేదు. కుడి పాదం కమిలింది గాని చర్మం చిట్లలేదు. ఎన్నో కాళ్లు చూసినవాణ్ని. అయినా, ఆయన ఒళ్లో అన్ని నెలలు ఉన్న ఆ కాలిని అలా చూడటం నావల్ల కాలేదు.

"ఎందుకు విప్పావమ్మా?"

"గేటు కాడ అందరూ విప్పారు, నేనూ విప్పా. బాబుగారి పాదాలకి దణ్ణం పెట్టుకుని బయటికొచ్చేసరికి పాడె లేపేశారు. చెప్పులకని ఆ గుట్టలో వెతుక్కుంటా ఉంటే నేను వెనకబడిపోతాను. అయినా అన్నయ్యా, ఆయన్ని మోసుకెళ్తుంటే వెనకాల చెప్పులేసుకుని టపటపా నడవమంటావా? నాకు చేతకాలా."

"రోడ్డు కాలలేదా?"

"కాలినట్టు తెలిస్తే గదా."

ఈ తప్పు మా మనుషులే చేయగలరు. ఆయన బతికుండగా దేవుడి దగ్గర కూడా విప్పని చెప్పుల్ని ఆయన మీద గౌరవంతో ఆయన శవం వెనక విప్పేసింది.

గుడివాడలో ఒక సర్జన్ ఉన్నారు. వయసులో చిన్నవారు. డాక్టరు గారు తన చేతిలో లేని కేసులు ఆయనకే పంపేవారు. వెంటనే అక్కడికి వెళ్దామన్నాను. నాగేంద్రమ్మ తల అడ్డంగా ఊపింది.

"నేను రాను. అప్పుడు కాలు తీసేస్తామన్నది కూడా డాక్టర్లే. బాబుగారి హస్తవాసి వల్ల నిలబడింది. ఇప్పుడు ఆయన లేరు. నువ్వు కట్టు అన్నయ్యా. ఆయన పక్కన ఇన్నేళ్లు ఉన్నావు, ఆ వాసి నీ చేతికి మాత్రం రాదా?"

ఆ మాటకు నాకు సంతోషం కలగలేదు, భయం వేసింది. డాక్టరు పోయాక ఆయన కాంపౌండర్నో, డ్రస్సర్నో డాక్టర్ని చేసి కూర్చోబెట్టడం మా వైపు ఉన్నదే. నాకు కట్టడం వచ్చు. లోపల చచ్చిన కండ ఎంతవరకు ఉందో, ఎక్కడిదాకా కోయాలో తేల్చడం నా పని కాదు. అది చెప్పాను. తర్వాత, పుస్తకంలో చదివిన పోలిక ఒకటి తీశాను. నరాలు కరెంటు వైర్ల లాంటివని, షుగరు వాటిని తినేస్తుందని, అందుకే మంట కబురు మెదడుకు చేరలేదని వివరించాను.

"వైరు తెగితే లైన్‌మేన్ వచ్చి కలుపుతాడు గదా" అంది. "మీ పుస్తకంలో ఆ ముక్క రాయలేదా?"

పోలయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. కాసేపటికి గొంతు తగ్గించి చెప్పింది.

"అన్నయ్యా, ఈ కాలు బాబుగారు ఇచ్చింది. ఆయన ఒక్కటంటే ఒక్క మాట చెప్పారు, చెప్పులు విప్పొద్దని. ఆయన పోయిన మర్నాడే ఆ మాట తప్పా. కాల్చుకుంది నేనే. పోతే పోనీ. ఆయనతోనే పోయిందనుకుంటా."

పోలయ్య చేతిలో వల కిందపెట్టి లేచి వచ్చాడు. "ఏం మాటలే అవి?" అన్నాడు.

శుభ్రం చేసి వదులుగా కట్టు వేశాను. కాలు కింద మోపవద్దని చెప్పి వచ్చేశాను. ఇలాంటి కాలు రోజుల్లో విషమిస్తుంది. ఆమెను మోసుకెళ్లలేను, ఒప్పించలేను.

సర్జన్ గారి ఫోను నంబరు డాక్టరు గారి గదిలో ఉంటుందని ఇంటికి వెళ్లాను. అమ్మగారు, అంటే డాక్టరు గారి భార్య, లోపలి గదిలో చాప మీద కూర్చుని ఉన్నారు. పక్కన ఆడపడుచు గారు. ఎందుకని అడిగితే జరిగింది చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో, ఆవిడ దుఃఖంలో ఆవిడ ఉన్నారు. అయినా అడిగారు, చెప్పాను. అంతా విని ఆవిడ చెయ్యి ఆనించి లేచారు.

"శేషయ్యా, ఆటో పిలువు."

"వదినా, పదోరోజు కాకుండా గడప దాటతారా?" అన్నారు ఆడపడుచు గారు. "చూసినవాళ్లు ఏమనుకుంటారు? వాళ్ల ఇంటికి మాత్రం మంచిదా?"

"అనుకోనీ. పదోరోజు దాకా నేనాగుతాను. కాలు ఆగుతుందా శేషయ్యా?"

"ఆగదమ్మా."

"అదీ సంగతి" అని చెప్పులు వేసుకున్నారు.

గిలకలదిండిలో ఆటో దిగేసరికి వీధిలో ఆడవాళ్లు గబుక్కున పక్కకు తప్పుకున్నారు. భర్త పోయి మూడు రోజులైనా నిండలేదు, ఎదురుపడకూడదు. వాళ్ల తప్పేం లేదు, అది వాళ్లు పుట్టి పెరిగిన నమ్మకం. అమ్మగారు ఎవరివైపూ చూడకుండా పోలయ్య గడపలోకి వెళ్లారు. నాగేంద్రమ్మ మంచం మీదనుంచి లేవబోయింది.

"అయ్యో అమ్మగారూ, మీరు రాకూడదమ్మా."

"రాకూడదు. వచ్చాను. నువ్వు లేవకు."

అమ్మగారు నేల మీద కూర్చున్నారు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు, మంచం కోడు పట్టుకుని మెల్లగా కూర్చున్నారు. కట్టుతో ఉన్న ఆ పాదాన్ని రెండు చేతులతో తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"వద్దమ్మా, పాపం తగులుద్ది, వదలండి."

"ఆయన ఒళ్లో పెట్టుకుంటే తగల్లేదా?"

"ఆయన డాక్టరు గదమ్మా."

"నేను డాక్టరు పెళ్లాన్ని. కదలకు, కట్టు జారుతుంది."

వీధిలో తప్పుకున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గుమ్మం బయట నిలబడ్డారు.

"ఈ కాలి సంగతి నాకు తెలియదనుకున్నావా?" అన్నారు అమ్మగారు. "రోజూ అన్నం తినేటప్పుడు చెప్పేవారు. ఎర్ర కండ వస్తోంది, నాలుగు వైపుల నుంచీ వస్తోంది అనేవారు. తినేచోట పుండు గోల ఏమిటండీ అని విసుక్కునేదాన్ని. కాలు బాగున్న రోజున ఇంకో ముద్ద ఎక్కువ తినేవారు. బాగులేని రోజున కంచం దగ్గర్నుంచి లేచిపోయేవారు. నీ కాలు ఎలా ఉందో నాకు ఆ కంచం చూస్తే తెలిసేది."

నాగేంద్రమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోతే పోనీ అన్నావట. నీ ఒక్కదాని కాలు అనుకుని అన్నావా? ఆయన్ని ఆపుకోవడం నా చేతుల్లో లేకపోయింది. దీన్ని కూడా చూస్తూ చూస్తూ పోనివ్వమంటావా నాగేంద్రం?"

నాగేంద్రమ్మ ఏడ్చింది. ఆయన పోయినరోజు కూడా ఆమె ఏడవలేదని తర్వాత పోలయ్య చెప్పాడు. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "చీర మార్చుకుని వస్తా. ఆ ఆటో వాణ్ని ఉండమను అన్నయ్యా" అంది.

అదే ఆటోలో ఆస్పత్రి దాకా, అక్కడినుంచి కారులో గుడివాడ. అమ్మగారు ఆస్పత్రి దగ్గరే దిగి ఇంట్లోకి వెళ్లిపోయారు. సర్జన్ గారు ఆ సాయంత్రమే డిబ్రైడ్‌మెంట్ చేశారు. చచ్చిన చర్మాన్నీ కండనూ, రక్తం కనబడే బతికిన కండ వచ్చేదాకా తీసేయడాన్ని డిబ్రైడ్‌మెంట్ అంటారు. చిటికెన వేలు దక్కలేదు. మిగతా పాదం దక్కింది. ఇంకా ఆలస్యమైతే మడమ కూడా మిగిలేది కాదని ఆయన నాతో అన్నారు. తొడ నుంచి పల్చటి చర్మం తీసి అరికాలి పక్కన అతికారు. డిశ్చార్జి అయ్యాక డ్రస్సింగులు నేనే చేశాను. ఈసారీ నెలలు పట్టింది. ఆ కబుర్లు వినడానికి డాక్టరు గారు లేరు. అందుకని కట్టు మార్చిన ప్రతిసారీ తిరిగి వస్తూ అమ్మగారి దగ్గర ఆగి, ఎలా ఉందో చెప్పి వచ్చేవాణ్ని. ఆవిడ ఇప్పుడు విసుక్కునేవారు కాదు.

ఇప్పుడు ఆ సర్జన్ గారే వారానికి ఒకరోజు బందరు వచ్చి మా ఆస్పత్రిలో కూర్చుంటున్నారు. నేను అదే గదిలో ఉన్నాను. పని అదే గాని, అడిగే ప్రశ్నలు మారాయి. ఇదివరకు పుండుతో ఎవరొచ్చినా ఎప్పుడు మొదలైంది, ఏం గుచ్చుకుంది, ఏ చెప్పులు వేసుకుంటారు అని అడిగేవాణ్ని. ఇప్పుడు ఇంకొకటి కూడా అడుగుతాను. ఏమైనా మొక్కులున్నాయా, ఈ ఏడు మాల వేసుకుంటున్నారా, నడిచి ఎక్కడికైనా వెళ్లాలనుకుంటున్నారా, ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా బాగులేదా. చాలామంది వింతగా చూస్తారు. పుండుకూ మొక్కుకూ ఏం సంబంధమని కొందరు అడుగుతారు. మనవాళ్లు ప్రేమ చూపించవలసి వస్తే ముందు కాళ్లకున్నవి విప్పుతారు. గుడి దగ్గరైనా, శవం వెనకైనా అంతే. వాళ్లను వద్దనడం నావల్ల కాదు, అనకూడదు కూడా. ముందుగా తెలిస్తే మాత్రం ఏదో ఒక దారి చూడవచ్చు. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఎప్పటికైనా ఎవరైనా రాస్తే లైబ్రరీలో మొదట నేనే తీసుకుంటాను.

సంవత్సరీకం నాడు ఆస్పత్రి వరండాలో డాక్టరు గారి ఫొటో పెట్టాం. అమ్మగారు ముందురోజే నన్ను పిలిచి, గేటుకు ఒక బోర్డు కట్టమన్నారు. షుగరు ఉన్నవాళ్లు దయచేసి చెప్పులతోనే లోపలికి రావాలి అని రాసి కట్టాను. చూసి కొందరు ఇబ్బంది పడ్డారు. ఫొటోకు దండ వేసి, కింద దీపం వెలుగుతుంటే చెప్పులతో ఎలా వెళ్తామని ఒక పెద్దాయన అడిగారు. అమ్మగారు కుర్చీలోంచే, "ఆయన ఇంటికి ఆయన చెప్పినట్టు రండి" అన్నారు.

నాగేంద్రమ్మ పోలయ్య భుజం పట్టుకుని వచ్చింది. సర్జన్ గారు రాసిచ్చిన కొలతలతో కుట్టించిన కొత్త చెప్పులు వేసుకుంది. మెట్ల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. కాలు పైకి ఎత్తుతుంది, మళ్లీ దించుతుంది. వెనక వరస కదలడం లేదు. "ఎక్కవే, మాకూ పనులున్నాయి" అన్నారెవరో. "ఉండండర్రా, అలవాటు లేదు" అంది.

చివరికి ఎక్కింది. ఫొటో ముందుకు వెళ్లి బంతిపూలు పెట్టి దణ్ణం పెట్టుకుంది. తర్వాత అక్కడే నిలబడి, కుచ్చెళ్లు రెండు చేతులతో కాస్త పైకెత్తి పట్టుకుంది, చెప్పుల్లో ఉన్న రెండు పాదాలూ ఆయనకు కనబడేలా.